ఎర్రరాయి, నల్లరాయి: రాయగడ కొండల్లో భూగర్భశాస్త్రం తొలి పాఠాలు

ఒడిశాలో రాయగడ నుంచి కోరాపుట్ వైపు ఘాటీ ఎక్కుతుంటే రోడ్డు కోసం కొండ కోసిన చోట్ల ముఖ్యంగా రెండు రకాల రాయి కనిపిస్తుంది. ఒకటి తుప్పు రంగులో, పొరలు పొరలుగా, గిల్లితే రాలిపోయేలా ఉంటుంది. అది ఖోండలైట్. రెండోది ముదురు రంగులో, జిడ్డు మెరుపుతో, గుండ్రటి బండలుగా ఉంటుంది. అది చార్నొకైట్. ఖనిజం, శిల, ముడిఖనిజం, శైథిల్యం, రూపాంతరం అంటూ బడిలో కంఠతా పెట్టించే మాటల్లో చాలా వాటిని ఈ రెండు రాళ్ళు చేత్తో పట్టుకుని నేర్చుకోవచ్చు. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం పిల్లలు హిమాలయాల ముడుతల గురించి, దక్కను బసాల్టు గురించి చదువుతారు. ఇంటి వెనక మెట్ట ఏ రాయో ఎవరూ చెప్పరు. చదువు ఆ మెట్ట దగ్గర మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ముందు మాటల్లో తేడా తెలియాలి. ఖనిజం అంటే ప్రకృతిలో దానంతటదే ఏర్పడిన ఘనపదార్థం. దానికి ఒక నిర్దిష్టమైన రసాయన కూర్పు, లోపల పరమాణువులకు ఒక క్రమమైన అమరిక ఉంటాయి. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఒక ఖనిజం. అందులో ఉన్నవి సిలికాన్, ఆక్సిజన్ మాత్రమే. శిల అంటే ఖనిజాలు కలిసి కట్టిన ముద్ద. ఖోండలైట్ శిల. దానిలోని పలుగు, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు. ఇక ముడిఖనిజం అన్న హోదా ఇచ్చేది మార్కెట్. తవ్వి, శుద్ధి చేసి, లోహం తీసి అమ్మితే గిట్టుబాటయ్యే రాయే ముడిఖనిజం. మన ఎర్రమట్టి నిండా ఇనుము ఉంది, అయినా అది ఇనుప ముడిఖనిజం కాదు.

శిలల్లో మూడు జాతులు. కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల. ఇసుక, బురద, సున్నం పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. ఈ రెంటిలో ఏదైనా భూమి లోతుకు దిగి, వేడికీ ఒత్తిడికీ కరిగిపోకుండా కొత్త ఖనిజాలుగా మారితే రూపాంతర శిల. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా ఉన్నవి ఈ మూడో రకమే.

పగలగొట్టకుండా పేరు పెట్టొద్దు

రాళ్ళను పోల్చడంలో ఎక్కువ తప్పులు పైపొర చూసి పేరు పెట్టడం వల్ల వస్తాయి. ఎండకీ వానకీ ఇనుము ఉన్న ప్రతి రాయీ గోధుమరంగుకు తిరుగుతుంది, నీడలో ఉన్నది పాచి పట్టి నల్లబడుతుంది. లోపలి రాయి రంగు వేరు. కాబట్టి తాజాగా పగిలిన ముఖం చూడాలి. ఒక కిలో లోపు బరువున్న సుత్తి చాలు. తాపీ మేస్త్రీల సుత్తి పనికొస్తుంది, మేకులు కొట్టే చిన్న సుత్తి మాత్రం వద్దు, దాని ఉక్కు పెళుసుగా ఉంటే అంచు చిట్లి ఎగురుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. రాయి మధ్యలో కొడితే శక్తి అంతా వృథా. అంచు దగ్గర, మీ నుంచి బయటికి పోయేలా దెబ్బ వేయాలి. పిడికిలంత ముక్క, ఒక ముఖం పూర్తిగా తాజాగా ఉండేలా తీసుకోండి. క్వారీ గోడ కింద, వేలాడే బండ కింద నిలబడి కొట్టకూడదు. గుళ్ళ దగ్గరా గుహల్లోనూ సుత్తి తీయనే కూడదు.

ఆ తాజా ముఖాన్ని పదింతలు చూపించే చిన్న లెన్స్‌తో చూడాలి. లెన్స్‌ను కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరికి తేవాలి. లెన్స్‌ను రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు.

ఇక కాఠిన్యం. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ పెట్టిన 1 నుంచి 10 అంచెల కొలత ఇప్పటికీ వాడుతున్నాం. బలపపు రాయిలోని టాల్క్ 1, కాల్సైట్ 3, ఫెల్డ్‌స్పార్ 6, పలుగు 7, కెంపు జాతి కొరండం 9, వజ్రం 10. చేతి గోరు సుమారు 2.5, రాగి తీగ 3, గాజుముక్క 5.5, మంచి చాకు కూడా దాదాపు అంతే. పాత పుస్తకాల్లో రాగి నాణెంతో గీయమంటారు. ఇప్పుడు మన చేతికొచ్చే రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి, వాటితో గీస్తే లెక్క తప్పుతుంది. కరెంటు వైరు ఒలిచి రాగి తీగ వాడండి.

గీసిన తర్వాత గీతను తడి వేలితో తుడవాలి. ఈ చిన్న పని చేయక చాలామంది మోసపోతారు. రాయి మేకు కంటే గట్టిదైతే మేకే అరిగి రాయి మీద మెరిసే చార వదులుతుంది. అది చూసి రాయి గీసుకుపోయింది అనుకుంటాం. తుడిస్తే చార పోయి, కింద గాడి లేదని తెలుస్తుంది. ఇంకో సంగతి: గీయాల్సింది ఒక్క ఖనిజపు గింజను, మొత్తం శిలను కాదు. ఎండకీ వానకీ మగ్గిన ఖోండలైట్ మీద మేకు సులువుగా దిగుతుంది. అది గింజల మధ్య పట్టు పోయినందువల్ల, గింజలు మెత్తనైనందువల్ల కాదు.

పలుగు, ఫెల్డ్‌స్పార్ తేడా పట్టడం కొత్తవాళ్ళకు కష్టం. రెండూ లేత రంగువే, రెండిటినీ మేకు గీయలేదు. రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పండి. ఫెల్డ్‌స్పార్ నిర్దిష్టమైన తలాల వెంట చదునుగా చీలుతుంది కాబట్టి ఏదో ఒక కోణంలో గింజంతా ఒక్కసారిగా తళుక్కుమంటుంది. పలుగుకు అలాంటి చీలిక లేదు, పగిలిన గాజులా వంపులు తిరిగి ఉంటుంది. పాలిపోయి, పొడి రాలుతున్న తెల్లటి మచ్చ కనిపిస్తే అది ఫెల్డ్‌స్పార్ కేయోలిన్ బంకమట్టిగా మారుతున్న గుర్తు.

బరువు సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక గ్రాము వరకు చూపించే వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నాకు తేవాలి. ముందే తూచిన రాయిని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా, పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. కాటా చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 265 గ్రాముల పలుగురాయికి కాటా 100 చూపాలి, అంటే 2.65. గార్నెట్ 4 చుట్టూ ఉంటుంది, కాబట్టి అది ఎక్కువగా ఉన్న ఖోండలైట్ బరువు తూగుతుంది. 200 గ్రాముల కంటే చిన్న రాయితో చేస్తే ఒక గ్రాము తేడాకే జవాబు మారిపోతుంది. అల్యూమినియం తీసే బాక్సైట్ లాంటి బెజ్జాల రాయి నీళ్ళు తాగేస్తుంది. బుడగలు వస్తుంటే ఆ కొలత నమ్మొద్దు, పలుచగా మైనం పూసి మళ్ళీ చూడాలి.

ఒకే కొండలో ఇద్దరు

ఖోండలైట్‌కు ఆ పేరు ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల మీదుగా వచ్చింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన టి.ఎల్. వాకర్ 1902లో కలహండి ప్రాంతపు రాళ్ళను వర్ణిస్తూ పెట్టాడు. తాజా ముఖంలో ఎర్ర గులాబీ గార్నెట్ గింజలు, వాటి చుట్టూ తెల్లటి పీచు లాంటి సిల్లిమనైట్ సూదులు, మధ్యమధ్య పలుగు, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. కొన్నిచోట్ల బూడిదరంగు గ్రాఫైట్ రేకులు కూడా. అవి అభ్రకం రేకులా అనే అనుమానం వస్తే ఒకదాన్ని తెల్ల కాగితం మీద రుద్దండి, గ్రాఫైట్ గీత పడుతుంది. వంచితే అభ్రకం వెనక్కి లేస్తుంది, గ్రాఫైట్ వంగినది వంగినట్టే ఉంటుంది.

ఈ రాయి ఒకప్పుడు బురద. సముద్రం అడుగున పేరుకున్న, అల్యూమినియం ఎక్కువున్న బంకమన్ను. అది గట్టిపడి, ఆ తర్వాత ఖండాలు ఢీకొన్నప్పుడు పాతిక కిలోమీటర్ల లోతు ప్రాంతానికి దిగి, 800 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో మారిపోయింది. బంకమన్నులోని అల్యూమినియమే సిల్లిమనైట్‌గా, గార్నెట్‌గా స్ఫటికాలు కట్టింది. ఈ మార్పులో పెద్దభాగం దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందటిది. అందుకే ఖోండలైట్‌లో శిలాజాలు వెతకడం దండగ. పెంకులూ ఎముకలూ ఉన్న జంతువులు అప్పటికి పుట్టలేదు. ఏవైనా సూక్ష్మజీవుల జాడలు ఉండి ఉన్నా ఆ వేడికి మిగలవు. వాటి కార్బన్ గ్రాఫైట్‌గా మారి ఉండొచ్చు.

చార్నొకైట్ తీరు వేరు. దీనికి 1893లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ పేరు పెట్టాడు, కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి చూసి. దీన్ని పోల్చడానికి అసలు గుర్తు హైపర్‌స్థీన్ అనే ముదురు గోధుమ, ఆకుపచ్చ ఛాయల ఖనిజం. చేతి నమూనాలో దాన్ని పట్టడం కష్టమైతే మొత్తం రాయి రంగు చూడండి. మామూలు గ్రానైట్‌లో తెల్లగానో గులాబీగానో ఉండే ఫెల్డ్‌స్పార్ ఇక్కడ జిడ్డు ఆకుపచ్చగా, పలుగు నీలి బూడిదరంగులో ఉంటుంది. సుత్తితో కొడితే ఖంగున మోగుతుంది. మగ్గిన ఖోండలైట్ మొద్దుగా పలుకుతుంది. కంకర క్రషర్ల వాళ్ళకు ఏది కావాలో ఈ శబ్దంతోనే తెలిసిపోతుంది. ఖోండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారి, పొరల వెంట విడిపోయి, చక్రాల కింద పిండైపోతుంది కాబట్టి రోడ్డు కంకరకు పనికిరాదు.

నల్లటి రాయల్లా బసాల్టు అనుకునేవాళ్ళు చాలామంది, ఇక్కడ అగ్నిపర్వతం ఉండేదని ప్రచారం కూడా అలాగే పుడుతుంది. లెన్స్ పెట్టండి. బసాల్టులో గింజలు కంటికి ఆనవు, చార్నొకైట్‌లో గింజలు స్పష్టంగా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కనిపిస్తాయి. లావా గబగబా చల్లారితే గింజలు పెరగడానికి వ్యవధి ఉండదు. లోతులో నిదానంగా ఏర్పడ్డ రాయికి ఆ వ్యవధి ఉంటుంది.

ఖోండలైట్ సులువుగా చెక్కుడు పడుతుంది. 13వ శతాబ్దంలో గంగవంశపు రాజు నరసింహదేవుడు కట్టించిన కోణార్క ఆలయంలో ప్రధానంగా వాడింది ఇదే. చెక్కడానికి అనువైన ఆ గుణమే సముద్రపు గాలిలో దానికి శాపమైంది. ఉప్పు నీరు బెజ్జాల్లో దూరి, ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు ఉబ్బి గింజల్ని విడదీస్తాయి.

కొండ నెత్తి మీద ఏం జరిగింది

శైథిల్యం అంటే రాయి ఉన్నచోటే ఉండి చితకడం, కుళ్ళడం. క్రమక్షయం అంటే అలా చితికినదాన్ని నీరో గాలో మోసుకుపోవడం. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపేసి రాస్తారు. మన మాలీల మీద, అంటే బల్లపరుపు నెత్తి ఉన్న కొండల మీద, ఆ తేడా వల్లే బాక్సైట్ పుట్టింది. అక్కడ శైథిల్యం కోట్ల ఏళ్ళు సాగింది, క్రమక్షయం దాన్ని పూర్తిగా కోసుకుపోలేకపోయింది.

వాన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్, ఆకుల కుళ్ళు నుంచి వచ్చే ఆమ్లాలు కలుస్తాయి. ఆ నీరు ముందుగా ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం, సోడియం, కాల్షియం లాగేస్తుంది, కొంత సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసినది) కూడా పోతుంది. మిగిలేది కేయోలిన్. నీరు నిలవకుండా కిందికి ఇంకిపోతూ ఉంటే కేయోలిన్‌లోని సిలికా కూడా కరిగి పోయి గిబ్సైట్ మిగులుతుంది. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్, మన బాక్సైట్‌లో ప్రధాన ఖనిజం. అల్యూమినియం, ఇనుము మామూలు నీటిలో దాదాపు కరగవు కాబట్టి అక్కడే పోగుపడతాయి. మూడు షరతులూ కుదరాలి: భారీ వానలు, బాగా ఇంకే బల్లపరుపు నేల, సుదీర్ఘ కాలం. పల్లంలో నీరు నిలిస్తే కథ కేయోలిన్ దగ్గరే ఆగిపోతుంది. వాలు ఎక్కువైతే మారిన మట్టి మారినట్టే కొట్టుకుపోతుంది. అందుకే ఒకే ఖోండలైట్ మీద నెత్తిన బాక్సైట్, పక్క వాలులో ఎర్రమట్టి, లోయలో బంకమన్ను ఉంటాయి.

కోతలో పై నుంచి కిందికి చూస్తే వరుస ఇలా ఉంటుంది: గట్టి లాటరైట్ (ఇనుము పోగుపడిన ఎర్రరాయి) మూత, దాని కింద బాక్సైట్, ఆ కింద తెలుపూ ఊదా కలిసిన బంకమట్టి పొర, చివరికి తాజా ఖోండలైట్. కొన్ని బాక్సైట్ ముక్కల్లో పాత ఖోండలైట్ పొరల గీతలు అలాగే నిలిచి ఉంటాయి, లోపలి పదార్థమంతా మారిపోయినా సరే. రంగు చూసి బాక్సైట్ ఎంత మంచిదో చెప్పకండి. లేత రంగు రాయిలో కేయోలిన్ ఎక్కువ ఉండొచ్చు. దాన్ని నాలుకకు ఆనిస్తే అంటుకుంటుంది. ఆ సిలికా శుద్ధి కర్మాగారంలో కాస్టిక్ సోడాను తినేస్తుంది కాబట్టి కొనేవాళ్ళు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) శాతంతో పాటు సిలికా శాతం అడుగుతారు. ఇది ల్యాబ్‌లో తేలాల్సిందే.

1981లో ఏర్పడిన ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో కోరాపుట్ జిల్లా పంచ్‌పట్‌మాలి మీద తవ్వేది ఇదే. అక్కడి నుంచి దామన్‌జోడి శుద్ధి కర్మాగారానికి సుమారు 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద రాయి దిగుతుంది. మోటు లెక్కన నాలుగైదు టన్నుల బాక్సైట్‌కు రెండు టన్నుల అల్యూమినా, దానికి ఒక టన్ను అల్యూమినియం.

ఈ పొరల వరుసకు నీళ్ళతో సంబంధం ఉంది, అది ఊళ్ళవాళ్ళకు బాగా తెలుసు. బెజ్జాల బాక్సైట్ వానను పీల్చుకుంటుంది, కింది బంకమట్టి ఆపుతుంది. రెండూ కలిసే గీత కొండ పక్కన బయటపడిన చోట ఊటలు పుడతాయి, వేసవిలోనూ గెడ్డలు పారతాయి. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకంపై వాదనలో ఈ నీటి విషయం కూడా ఉంది. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే, సభ జరిపిన 12 ఊళ్ళూ వద్దన్నాయి. పై పొర తీసేస్తే ఊట ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఒక్కో కొండకు ఒక్కోలా ఉంటుంది. కాబట్టి తవ్వే ముందే ఆ కొండ ఊటలను ఏడాది పొడవునా కొలవాలని నేను గట్టిగా అంటాను.

కింద ఊళ్ళలో బావి తవ్వేవాళ్ళకూ ఇదే శాస్త్రం. ఖోండలైట్ లోతు వరకు మగ్గి ఉంటుంది కాబట్టి దిగుడుబావికి అనువు, కాకపోతే మట్టి ఎక్కువైన చోట నీరు ఉన్నా నెమ్మదిగా ఊరుతుంది. చార్నొకైట్‌లో రాతి గింజల మధ్య నీటికి చోటే లేదు, పగుళ్ళు తగిలితేనే బోరు పడుతుంది.

గెడ్డ ఇసుకలో

నాగావళి, వంశధారల్లోకి దిగిన రాతిపొడిలో ఫెల్డ్‌స్పార్ దారిలోనే మట్టైపోతుంది. పలుగు, గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మెనైట్, జిర్కాన్ మిగులుతాయి. గెడ్డ వంపు లోపలి వైపు నల్లటి, ఎర్రటి చారలున్న ఇసుక తీసుకుని వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, చేటతో చెరిగినట్టు కుదుపుతూ పైనీళ్ళను వంచేయండి. తేలికవి పోయి బరువైనవి అడుగున నిలుస్తాయి. ఆరబెట్టి, కాగితంలో చుట్టిన మామూలు అయస్కాంతం ఆడిస్తే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఎగిరి అంటుకుంటుంది. కాగితం చుట్టకపోతే ఆ పొడిని అయస్కాంతం నుంచి వదిలించడం మీ వల్ల కాదు. బలమైన నియోడిమియం అయస్కాంతానికి ఇల్మెనైట్, ఎర్ర గార్నెట్ కూడా కదులుతాయి.

ఎర్ర గింజ దొరికితే కెంపు దొరికిందని బేరం పెట్టేవాళ్ళు వస్తారు. కలహండిలో నిజంగానే కెంపులున్నాయి కాబట్టి జనం నమ్ముతారు. కెంపు 9 కాఠిన్యంతో పలుగును తేలిగ్గా లోతుగా గీస్తుంది, గార్నెట్ అతికష్టం మీద గీస్తుంది. గార్నెట్ నియోడిమియం అయస్కాంతానికి కదులుతుంది, కెంపు కదలదు. స్ఫటికం చెక్కుచెదరకుండా ఉంటే గార్నెట్ బంతిలా అనేక ముఖాలతో, కెంపు ఆరు పలకల పీపాలా ఉంటుంది. అలాగే ఇసుకలో మెరిసే పసుపు రేకులు మగ్గిన అభ్రకం, అందుకే దానికి కాకిబంగారం అని పేరు. సూదితో నొక్కితే రేకులుగా ఊడుతుంది. బంగారం అణుగుతుంది, ఊడదు.

ఇదే ఏరివేత గంజాం తీరంలో పెద్ద ఎత్తున జరుగుతుంది. అల ఒడ్డుకు ఎక్కేటప్పుడు అన్ని గింజల్నీ తెస్తుంది, వెనక్కి మళ్ళేటప్పుడు దానికి బలం తక్కువ, బరువైనవి వదిలేస్తుంది. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఆ ఇసుక నుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్, సిల్లిమనైట్, గార్నెట్ వేరుచేస్తుంది. ముందు బరువును బట్టి నీటి స్పైరల్స్‌లో, తర్వాత అయస్కాంతంతో, విద్యుత్ ఆవేశంతో. మోనజైట్‌లో థోరియం ఉంది, రేడియోధార్మికం. ఆ నల్ల ఇసుకను ఇంట్లో సీసాల్లో దాచుకోవద్దు.

పొరల వాలు, విరిగిపడే రోడ్డు

వానాకాలంలో ఘాటీ రోడ్ల మీద, రైలు కోతల్లో కొండ ఎందుకు జారుతుందో పొరల వాలు చెబుతుంది. పొర తలం మీద కాసిని నీళ్ళు పోయండి. నీరు జారే దిక్కే వాలు దిక్కు. దానికి అడ్డంగా, తలం మీద క్షితిజ సమాంతరంగా గీసిన గీత పొర సాగే దిక్కు. తూర్పు కనుమల్లో మొత్తం మీద అది ఈశాన్యం–నైరుతి. వాలు కోణం ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కొలవొచ్చు. రాయి ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు ఒక నోటుపుస్తకం ఆనించి దాని మీద ఫోన్ పెట్టండి. ఫోన్ దిక్సూచిని మాత్రం వాహనం, రైలు పట్టాలు, మాగ్నెటైట్ ఉన్న రాయి దగ్గర నమ్మొద్దు.

పొరలు రోడ్డు వైపుకు వాలి, కోసిన గోడ కంటే ఆ వాలు తక్కువ కోణంలో ఉంటే పొర కింది అంచు గాల్లో తేలుతున్నట్టే. మగ్గిన ఖోండలైట్‌లో పొరల మధ్య బంకమట్టి తడిస్తే పట్టు తప్పి పైభాగమంతా దిగుతుంది. పొరలు కొండ లోపలికి వాలిన వైపు ఈ రకం జారుడు ఉండదు, పగుళ్ళ వెంట బండలు దొర్లడం ఉంటుంది. ఇల్లు కట్టడానికి కొండ అంచు కోసేవాళ్ళు మేస్త్రీని అడిగే ముందు ఈ ఒక్కటి చూసుకోవాలి.

సున్నపురాయి చూడాలంటే కోరాపుట్ జిల్లా గుప్తేశ్వరం వైపు వెళ్ళాలి. కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీరు రాయిని కరిగించి గుహలు చేసింది. అదే నీరు గుహలో బొట్టుబొట్టుగా పడి ఆ వాయువు వదిలేసినప్పుడు కాల్సైట్ పేరుకుంటుంది. అక్కడ లింగంగా పూజలందుకునేది అలా పెరిగినదే. పరీక్షకు దారి పక్కన దొరికిన గులకరాయి చాలు. దాన్ని గీసి వచ్చిన పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తాయి. పొడి చేయకుండా వేస్తే ఏమీ రానట్టే ఉంటుంది. బాత్రూమ్ యాసిడ్ ఈ పనికి వాడకండి, చేతులు కాలతాయి.

తెచ్చిన ప్రతి ముక్క మీద అక్కడికక్కడే నంబరు వేయాలి. రాయి మీద తెల్ల కరెక్షన్ ఇంకు చిన్న మచ్చ పెట్టి, ఆరాక బాల్‌పెన్‌తో రాస్తే చెరగదు. నోటుపుస్తకంలో అదే నంబరు కింద చోటు, ఫోన్ చూపిన అక్షాంశ రేఖాంశాలు, పొరల వాలు, కనిపించిన ఖనిజాలు రాసి, శిల పేరు పెన్సిల్‌తో రాయండి, మార్చే అవసరం రావచ్చు. విడివిడిగా పాత పేపర్లో చుట్టండి, లేకపోతే సంచిలో పలుగు గట్టిదనానికి గ్రాఫైట్ ముక్కలు పిండవుతాయి. ఆ తర్వాత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూకోష్ పోర్టల్‌లో మీ ప్రాంతం పటం తెరిచి పోల్చండి. 1:50,000 పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. అంతకంటే సన్నని నల్లరాతి పట్టీ మీ గెడ్డలో ఉండి పటంలో లేకపోతే అది పటం తప్పు కాదు, మీ పుస్తకంలో మాత్రం రాసి పెట్టుకోండి.